రేవు కట్టేశాక: లంక ఊళ్ల జ్ఞాపకాలు

గోదావరి ధవళేశ్వరం దాటగానే పాయలుగా చీలిపోతుంది. తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ, వశిష్ఠలోంచి విడివడిన వైనతేయ. ఆ పాయల నడుమ, ఏటిగట్లకు లోపలిపక్క మేటవేసిన నేలమీద వెలిసిన ఊళ్లే లంకలు. కోనసీమ అనగానే కొబ్బరితోటలూ పచ్చటి చేలూ కళ్లముందు నిలుస్తాయి గనుక, ఇక్కడ కూడా మారుమూల ఊళ్లున్నాయంటే బయటివాళ్లు నమ్మరు. లంక ఒడ్డున నిలబడితే అవతలి గట్టుమీద బస్సు వెళ్లడం కనిపిస్తుంది. మైళ్లలో చూస్తే దూరమేమీ లేదు. మధ్యలో ఏరుంది. దీపాలవేళకి రేవు కట్టేస్తే తెల్లారేదాకా ఆ ఊరికి ఆ ఊరే దిక్కు.

ఆ ఊళ్ల జ్ఞాపకాలు తియ్యనివే. ఇసుకనేలలో పుచ్చపాదులు, ఎర్రనీటికి ఎదురొచ్చే పులసలు, కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు మోసుకెళ్లే జనం, వెన్నెల్లో ఇసుకతిన్నెల మీద కబుర్లు. వాటిని తలుచుకునేటప్పుడే, ఆ ఊళ్లలో ఎవరు ఎందుకు పోయేవారో, ఎవరు ఎందుకు బతికేవారో కూడా తలుచుకోవాలి. లంకల్లో ప్రాణం నిలిచేదీ పోయేదీ చాలాసార్లు మందు దాకా రాకముందే తేలిపోయేది. పడవ ఎవరిది, చేతిలో డబ్బులెవరికున్నాయి, ‘బయల్దేరదాం’ అనే మాట ఎవరి నోట రావాలి, మంచినీళ్ల నుయ్యి ఎవరి పెరట్లో ఉంది. లెక్కంతా వీటిమీదే నడిచేది.

ముందు రేవు సంగతి. రేవులకి ఏటా పాట పెట్టేవారు. పాడుకున్నవాడు మనిషికింత, సైకిలుకింత, గేదెకింత అని వసూలు చేసుకునేవాడు. పాటదారుకి గిట్టుబాటు పగటి జనంతోనే. రాత్రి ఒక్క మనిషి కోసం పడవ తియ్యాలంటే పడవవాణ్ణి ఇంటికెళ్లి లేపాలి, గెడ వెయ్యడానికి ఇంకో మనిషి కావాలి, ఇద్దరికీ విడిగా ఇవ్వాలి. సఖినేటిపల్లి–నర్సాపురం, కోటిపల్లి–ముక్తేశ్వరం లాంటి పెద్ద రేవుల్లో పంటు ఉండేది. రెండు పడవలు జోడించి పైన బల్లలు పరుస్తారు, జీపు కూడా ఎక్కుతుంది. చిన్న లంకలకు నాటుపడవే గతి. వేసవిలో ఏరు సన్నబడితే పడవ ఇసుకలో దిగబడేది, మంచంపట్టిన మనిషిని మంచంతో సహా నలుగురు మోసుకుపోవాల్సి వచ్చేది. వరదలో అయితే పడవని ఒడ్డువారే ఎగువకి లాక్కెళ్లి అక్కణ్ణించి ఏటవాలుగా వదలాలి. అలా చెయ్యకపోతే ఉరవడికి రేవు దాటి దిగువకి కొట్టుకుపోతుంది. సముద్రానికి దగ్గరి రేవుల్లో పోటూ పాటూ చూసుకోవాలి. పాటువేళ రేవులో నీళ్లు వెనక్కిపోయి బురదే మిగులుతుంది. నిండుచూలాలు ఆ బురదలో దిగి నడవగలదా?

సర్కారు లెక్క ప్రకారం మైదానంలో 5,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం, కొండల్లో, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒకటి. డెల్టా అంతా మైదానం కిందే లెక్క. అందుకని ఒకే ఏఎన్ఎమ్ (ఉపకేంద్రం నర్సమ్మ) పరిధిలో గట్టుమీది ఊళ్లూ, ఏటికవతలి లంకా కలిసొచ్చేవి. సంచీ, ఐసు పెట్టె భుజాన వేసుకుని ఆమె పడవ దిగేసరికి ఎండెక్కేది. అప్పటికే కూలికెళ్లే ఆడవాళ్లు పొలాల్లో ఉంటారు. సాయంత్రం వాళ్లు ఇల్లు చేరేసరికి ఆమె పడవెక్కి వెళ్లిపోవాలి. టీకా అందని పిల్లలు ఎక్కువగా కూలివాళ్ల ఇళ్లలోనే ఎందుకు ఉండేవారో ఈ వేళలు చూస్తే తెలుస్తుంది. తల్లికి ఇష్టం లేకో, తెలివి లేకో కాదు. బీసీజీ సీసా ఒకసారి కలిపాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబొయ్యాలి. ఒక్క బిడ్డ కోసం సీసా విప్పడానికి చెయ్యి ఆడక, ఇంకో నలుగురు పోగయ్యాక వేద్దామనుకుంటే ఆ వారం కాస్తా నెలయ్యేది. కొన్ని లంకల్లో తెల్లారకముందే, కూలికి బయల్దేరేలోపు టీకాలు వేసేటట్టు వేళ మార్చారు. ముందురోజు సాయంత్రమే వచ్చి ఊళ్లో పడుకుంటేనే అది కుదిరేది. ఏఎన్ఎమ్‌కి రాత్రి పడుకోవడానికి ఒక గది, స్నానానికి ఒక చాటు చూపించిన ఊళ్లలో పిల్లలందరికీ టీకాలు పడ్డాయి. అంత చిన్న ఏర్పాటు అది.

ఇక కాన్పులు. నీళ్లోసుకున్న దగ్గర్నుంచీ ఆ మనిషి విషయంలో తీర్పులన్నీ అత్తగారివే. నొప్పులు రాత్రి మొదలైతే మొదటి గంటలు ‘ఇవి నిజం నొప్పులేనా’ అనే దాంట్లోనే గడిచిపోయేవి. తర్వాత మంత్రసానికి కబురు. ఆ తర్వాత మామగారు లేచి, మొగుడు ఎక్కడున్నాడో చూసి, డబ్బు ఎవర్నడగాలో ఆలోచించి, ‘పొద్దున పడవ వస్తుందిగా, చూద్దాం’ అనేవారు. ప్రాణాలు పోయింది ఎక్కువగా ఆ ‘చూద్దాం’లోనే.

మంత్రసానుల గురించి చులకనగా మాట్లాడేవాళ్లంటే నాకు బాధ. చేతితో తడిమి బిడ్డ అడ్డం తిరిగిందని, పిర్రలు ముందున్నాయని చెప్పగలిగినవాళ్లు వాళ్లు. ముఖం ఉబ్బి, కళ్లు మసకలని తలనొప్పితో గిలగిల్లాడే గర్భిణిని చూసి గుర్రపువాతం (ఫిట్స్) వస్తుందని ముందే పసిగట్టేవారు. తొలికాన్పు పన్నెండు గంటలు దాటినా బిడ్డ దిగకపోతే, ఉమ్మనీరు పచ్చగా పోతే, చెయ్యి ముందు బయటికొస్తే, ‘నావల్ల కాదండీ, దాటించెయ్యండి’ అని చెప్పేవారు. చిక్కంతా ఆ మాటకి విలువ లేకపోవడంలో ఉండేది. ఆమె దళితపేట మనిషి. పెరటి గుమ్మంలోంచి పిలుస్తారు, పని అయ్యాక చేటలో బియ్యం, పాత చీర ఇచ్చి పంపిస్తారు. పెద్దిల్లయితే ఆమె మాట మీద అర్ధరాత్రి పడవ కట్టించడం నామోషీ. అదే మాట గట్టుమీది డాక్టరుగారు అంటే క్షణంలో కదిలేవారు. కులం ఆరోగ్యాన్ని ఎలా తినేస్తుందో చెప్పడానికి ఇంతకంటే వేరే రుజువు అక్కర్లేదు. పైగా ఇక్కడ నష్టపోయింది పెద్దింటి కోడలే.

తర్వాత మంత్రసానులకు తర్ఫీదు ఇచ్చి, చిన్న కిట్లు ఇచ్చారు. అందులో సబ్బు, ప్లాస్టిక్ గుడ్డ, కొత్త బ్లేడు, దారం ఉండేవి. చెప్పిన పద్ధతి అయిదు శుభ్రాలు: చేతులు, పరుపు, బొడ్డు కోసే బ్లేడు, కట్టే దారం, కోశాక బొడ్డు మీద ఏమీ రాయకపోవడం. అయిదోదే అందరికీ కష్టమైంది. పసుపో, బూడిదో, కాల్చిన పేడో అద్దితేగానీ పెద్దవాళ్లకి తృప్తి ఉండేది కాదు. ధనుర్వాతం క్రిములు ఉండేది ఆ మట్టిలో, ఆ పేడలోనే. పుట్టిన రెండు రోజులు చక్కగా పాలు తాగిన బిడ్డ మూడోరోజు దాటాక దవడలు బిగిసి చన్ను పట్టదు, ముట్టుకుంటే కొయ్యలా బిగుసుకుపోతుంది. దాన్ని గాలిచేష్ట అనుకుని తాయెత్తు కట్టేవారు. గర్భిణికి నాలుగు వారాల ఎడంతో రెండు ధనుర్వాతం టీకా ఇంజెక్షన్లు, రెండోది కాన్పుకి కనీసం రెండు వారాల ముందు పడితే బిడ్డకి ఆ గండం తప్పుతుంది. దేశం మొత్తంమీద తల్లీబిడ్డల ధనుర్వాతం అదుపులోకి వచ్చిందని 2015లో ప్రకటించారు. ఆ ప్రకటన వెనక ఈ పడవ ప్రయాణాలన్నీ ఉన్నాయి.

ఆరెంపీ డాక్టర్ల మాట కూడా చెప్పాలి. రాత్రిపూట లంకలో ఉండేది వాళ్లే, అప్పు పెట్టేదీ వాళ్లే. జ్వరానికీ దెబ్బకీ ఊరికి ఆసరా వాళ్లే. అయితే కాన్పు ఆలస్యమవుతుంటే వేసే ‘నొప్పుల ఇంజెక్షన్’ ప్రాణాంతకం. ఆక్సిటోసిన్‌ని కాన్పుకి ముందు కండకి పొడిస్తే గర్భసంచి ఆగకుండా బిగుసుకుంటుంది, బిడ్డకి గాలి అందదు, దారి ఇరుకుగా ఉంటే సంచి చిరిగిపోతుంది కూడా. అదే మందు బిడ్డ పుట్టిన నిమిషంలోపు పది యూనిట్లు వేస్తే రక్తం పోకుండా కాపాడుతుంది. ముందు వేస్తే గండం, తర్వాత వేస్తే రక్ష. ఈ తేడా చెప్పినవాళ్లు లేక, ఇంజెక్షన్ వెయ్యమని ఇంటివాళ్లే బతిమాలేవారు.

మాయ అరగంటలో పడకపోతే బొడ్డుతాడు పట్టి లాగకూడదు. లాగితే సగం తెగి లోపలుండిపోతుంది, లేదా సంచే తిరగబడి బయటికొస్తుంది. రక్తం ధారగా మొదలైతే రెండు గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. పొత్తికడుపు మీద గట్టిగా గుండ్రంగా రుద్దుతూ ఉండాలి, ఉచ్చ పోయించాలి, బిడ్డని చన్నుకి అందించాలి, కాళ్లు ఎత్తుగా పెట్టి వెచ్చగా కప్పాలి. ఇవి చేస్తూనే పడవెక్కించాలి. ఏరు దాటడం, గట్టెక్కడం, బండి దొరకడం, ఆ రెండు గంటల్లోనే అన్నీ జరగాలి. అందుకే తెలిసిన కుటుంబాలు తొమ్మిదో నెల రాగానే కోడల్ని గట్టుమీది చుట్టాలింటికి పంపేసేవి. గట్టుమీద చుట్టాలు లేనివాళ్లు, చుట్టాలున్నా నెలరోజులు కూర్చోబెట్టి తిండి పెట్టించుకోవడానికి మొహమాటపడేవాళ్లు లంకలోనే ఉండిపోయేవారు.

డబ్బు దగ్గర ఇంకో మాట. నర్సాపురం చుట్టుపక్కల, ఏటికి రెండు వైపులా, ఆడవాళ్ల చేతుల్లో లేసు అల్లికలు ఆడుతూనే ఉండేవి. కుచ్చులు, బిళ్లలు, టేబుల్ గుడ్డలు అల్లి ఇస్తే అవి విదేశాలకి పోయేవి. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పొద్దస్తమానం వంగి అల్లితే మెడ పట్టేది, సన్నదారం మీద చూపు మందగించేది. అంత చేసినా దాన్ని ఇంట్లోవాళ్లు పనిగా లెక్కగట్టలేదు, ఊసుపోక అల్లుకుంటోందనేవారు. కూలి అణాల్లో పైసల్లో ఉండేది, అది కూడా నూలు డబ్బులు పట్టుకుని ఇచ్చేవారు. తన చేతిలో పడవ కిరాయి ఉన్న ఆడమనిషి ఒక పూట ముందే బయల్దేరుతుంది. లేనిది మొగుడు వచ్చేదాకా ఆగుతుంది. లేసు డబ్బుని పోస్టాఫీసు పుస్తకంలో తన పేర వేసుకున్న ఇళ్లలో ఆడవాళ్లు ఆసుపత్రికి వెళ్లే తీరే వేరుగా ఉండేది. తర్వాత పొదుపు సంఘాలొచ్చాక, సంఘం డబ్బులో కొంత ‘రాత్రి పడవకి’ అని విడిగా పెట్టుకున్న ఊళ్లున్నాయి. అప్పు పత్రాలు, తీర్మానాలు అక్కర్లేకుండా, అర్ధరాత్రి తలుపు తడితే ఇచ్చే డబ్బు అది.

కాన్పు తర్వాత పథ్యం. ముర్రుపాలు చిక్కగా పసుప్పచ్చగా ఉంటాయని పిండి పారబోసి, మూడు రోజులు బిడ్డకి పంచదార నీళ్లు, ఆముదం చుక్కలు పోసేవారు. బాలింతకి నీళ్లు తక్కువ ఇచ్చేవారు, పొట్ట పెరుగుతుందని, వాతం చేస్తుందని. పాతబియ్యపన్నంలో వెల్లుల్లి కారం తప్ప పప్పు లేదు, కూర లేదు, పెరుగు లేదు. చేపలు పట్టే ఊళ్లో బాలింతకి చేప పెట్టేవారు కాదు! గర్భంతో ఉన్నప్పుడు కూడా ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని కడుపు మాడ్చుకునేవారు. ఇనుము మాత్రలు ఇస్తే విరోచనం నల్లగా అవుతోందని భయపడి చూరులో దాచేవారు. ఆ నలుపు మాత్రదే, భయం లేదని ముందే చెప్పాలి. మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగితే ఒంటికి పట్టదు, గంటన్నా ఆగాలి. నిమ్మకాయ పిండుకుని వేసుకుంటే బాగా పడుతుంది. పురిటి మైల పదకొండు రోజులూ బయటి మనిషిని లోపలికి రానిచ్చేవారు కాదు గనుక ఏఎన్ఎమ్ అరుగు మీద నుంచే అడిగి వెళ్లిపోయేది. బాలింత జ్వరం వచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ‘స్నానం చేసి వస్తానమ్మా, మళ్లీ వెళ్లేటప్పుడు కూడా చేస్తాను’ అని అత్తగారిని ఒప్పించి లోపలికి వెళ్లిన నర్సమ్మలున్నారు. వాళ్లకి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

నీళ్ల సంగతికొస్తే, నాలుగువైపులా నీళ్లున్నా మంచినీళ్లకి కరువుండే చోటు ఇది. వరద కాలంలో ఎర్రనీరు. కుండ లోపల ఇండుపగింజ అరగదీసి నీళ్లు పోస్తే మన్నంతా అడుక్కి దిగేది, లేకపోతే పటిక తిప్పేవారు. నీళ్లు అద్దంలా తేరుకునేవి కాబట్టి మంచివైపోయాయని నమ్మకం. మన్ను దిగినా క్రిములన్నీ పోవు. తేరిన నీళ్లని కూడా బుడగలొచ్చేలా మరగకాచాలి, లేదా 20 లీటర్ల బిందెకి అర గ్రాము క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగాలి. బురదనీళ్లలోనే నేరుగా మాత్ర వేస్తే మందంతా ఆ మన్నే మింగేస్తుంది. ముందు తేర్చడం, తర్వాత మందు.

వేసవిలో కాలవలు కట్టేస్తారు. కట్టేసేలోపే మంచినీళ్ల చెరువులు నింపుకోవాలి. శివారు ఊరికి కాలవ చిట్టచివర నీరందేది కాబట్టి, ఎగువవాళ్లు తూములు ఎత్తుకుంటే అక్కడి చెరువు సగమే నిండేది. మే నెలకి అడుగున పాచినీళ్లు మిగిలేవి. నూతుల్లో, అందులోనూ సముద్రంవైపు, ఉప్పు ఎక్కేది. 1990ల్లో రొయ్యల చెరువులు వచ్చాక పక్క నూతులు కూడా ఉప్పుబారాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర కట్టుబాట్ల పరిధిలోని చెరువుల మీద తీర్పు ఇచ్చేసరికి చాలా నూతులు పాడైపోయాయి. తియ్యటి నీళ్ల నుయ్యి ఎవరి దొడ్లో మిగిలిందో వాళ్ల దయ మీద ఊరు ఆధారపడేది. పేటవాళ్లు ఆ నూతి దగ్గరికొచ్చి తామే తోడుకోవడానికి లేదు. ఎవరో వచ్చి బిందెలో పోసేదాకా నిలబడాలి. నిలబడే ఓపిక లేని రోజు కాలవ నీళ్లే తాగేవారు. ఆ కాలవలోనే ఎగువన గేదెల్ని కడిగేవారు, చాకిరేవు పెట్టేవారు. పేటల్లో విరోచనాలు ముందు మొదలవడానికి కారణం ఇదే. పైగా ఊళ్లో పల్లపు నేలే పేటలకి దక్కింది. వరద ముందు ఎక్కేది అక్కడికే, ఆఖరున దిగేదీ అక్కణ్ణించే.

నూతిలో బ్లీచింగ్ వెయ్యడానికి కొలత ఉంది. నుయ్యి అడ్డం కొలత మీటర్లలో తీసి, దాన్ని దాంతోనే గుణించి, నీటి లోతుతో గుణించి, వచ్చినదాన్ని 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి. ఒకటిన్నర మీటర్ల అడ్డం, రెండు మీటర్ల నీరున్న వరల నూతిలో సుమారు 3,500 లీటర్లు. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల మంచి పౌడరు చొప్పున తొమ్మిది గ్రాములు చాలు. ముందు కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, బక్కెట్టు ముప్పావు నింపి, తిప్పి, పది నిమిషాలు ఆగితే సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీటినే వేరే బక్కెట్టులోకి వంచి, చేదతో నూతిలోకి దించి, కిందికీ మీదికీ ఆడించాలి. గంట ఆగాక తోడుకోవచ్చు. రాత్రి అందరూ తోడుకోవడం అయ్యాక వేస్తే తెల్లారేసరికి వాసన కూడా తగ్గుతుంది. జరిగే పొరపాటు ఏమిటంటే, పంచాయతీ గదిలో మూతి విప్పిన బస్తా నెలల తరబడి పడి ఉండి, గాలికీ తేమకీ చచ్చిపోయిన పౌడర్ని దోసిళ్లతో నూతిలో గుమ్మరించడం. మందు ఉండదు, సున్నం మిగులుతుంది, నీళ్లు చేదెక్కుతాయి. జనం ఆ నీళ్లు విడిచిపెట్టి మళ్లీ కాలవకే పోతారు.

పిల్లలకి విరోచనాలొస్తే పళ్లొస్తున్నాయనో, దిష్టి తగిలిందనో అనేవారు. లంఖణం పరమౌషధమని పాలు కూడా మానిపించేవారు. చచ్చేది విరోచనాల కంటే ఒంట్లో నీరు ఆరిపోవడం వల్ల. మాడు లోపలికి పోతుంది, కళ్లు గుంటలు పడతాయి, పొట్టమీది చర్మం పట్టి వదిలితే మడత వెంటనే పోదు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చదును టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు కలిపి పట్టాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కళ్లనీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరులో కలపాలి. గ్లాసుకి చిటికెడు చొప్పున కలుపుకుంటే ఒకసారి మందం, ఒకసారి పల్చన అవుతుంది. రెండేళ్లలోపు బిడ్డకి ప్రతి విరోచనానికీ అరగ్లాసు దాకా, చెంచాతో మెల్లగా. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలెట్టాలి. కలిపిన నీళ్లు రోజు దాటితే పారబొయ్యాలి. ఉప్పేసిన గంజి మన ఇళ్లలో ఎప్పుడూ ఉండేదే, అదీ మంచిదే. చనుపాలు ఒక్క పూట కూడా ఆపకూడదు. జింకు మాత్ర పద్నాలుగు రోజులు వెయ్యాలి. విరోచనాలు మూడోరోజుకి ఆగిపోగానే మాత్ర ఆపేస్తారు, దాంతో నెల తిరక్కుండానే మళ్లీ మొదలు.

బోదకాలు డెల్టాకి పాత చుట్టం. కొబ్బరిపీచు నానబెట్టే గుంటలు, కదలని మురుగు బోదెలు, అక్కడ పెరిగే క్యూలెక్స్ దోమలు. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. క్రిములు రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి గనుక రక్తపు చుక్కలు తియ్యడానికి సిబ్బంది రాత్రి ఎనిమిదిన్నర దాటాకే ఇళ్లకి రావాలి. రేవు కట్టేసిన లంకకి ఎవరొస్తారు? వచ్చినా పెళ్లికెదిగిన పిల్లలున్న ఇళ్లు తలుపులు తీసేవి కావు. కాలు వాచిందని తెలిస్తే సంబంధాలు రావు. గజ్జల్లో బిళ్ల కట్టి, చలితో జ్వరం వచ్చి, కాలు ఎర్రగా కందిన ఆడపిల్లని ఎండదెబ్బ అని చెప్పి లోపల పడుకోబెట్టేవారు. మగవాళ్లు వరిబీజాన్ని పంచెచాటున దాచుకునేవారు. చిన్న ఆపరేషన్‌తో పోయేదాన్ని ఇరవయ్యేళ్లు మోసేవారు. 2004 నుంచి బోదకాలు ఉన్న జిల్లాల్లో ఏటా ఒకసారి అందరికీ మాత్రలు ఇచ్చే పద్ధతి వచ్చింది. పదిహేనేళ్లు, ఆపైన ఉన్నవాళ్లకి బోదకాలు మందు డీఈసీ 300 మిల్లీగ్రాములు, ఆరు నుంచి పద్నాలుగేళ్లవాళ్లకి 200, రెండు నుంచి అయిదేళ్లవాళ్లకి 100, దాంతోపాటు నులిపురుగుల మందు ఆల్బెండజోల్ ఒకటి. గర్భిణులకీ, రెండేళ్లలోపు పిల్లలకీ, మంచంలో ఉన్న రోగులకీ ఇవ్వరు. అన్నం తిన్నాక, ఇచ్చిన మనిషి ఎదుటే మింగాలి. గూట్లో పెట్టి ‘తర్వాత వేసుకుంటాం’ అంటే వేసుకోరు. మాత్ర వేసుకున్నాక జ్వరం, కళ్లు తిరగడం ఎక్కువగా ఒంట్లో క్రిములున్నవాళ్లకే వస్తాయి, ఆ క్రిములు చస్తున్నాయి కాబట్టి. ఆ సంగతి ముందు చెప్పకపోతే ఒక్కరికి జ్వరం రాగానే లంక మొత్తం మాత్రలు ఏట్లో కలిపేస్తుంది.

వాచిన కాలు వెనక్కి తగ్గకపోయినా ముదరకుండా ఆపొచ్చు. రోజూ సబ్బుతో వేళ్ల సందులు కూడా కడగాలి, మెత్తటి గుడ్డతో పూర్తిగా తడి ఆర్చాలి, పగుళ్లకి మందు రాయాలి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తున పెట్టుకోవాలి, చెప్పులు వేసుకోవాలి. జ్వరాలు మాటిమాటికీ రావడం ఆ పగుళ్లలోంచే. వరినాట్ల కూలి మనిషిని కాలు తడవనివ్వకు, చెప్పులు వేసుకో అంటే ఎలా కుదురుతుంది? ఆమెకి కొబ్బరికాయల వలుపు పనో, గట్టుమీది ఇంకో పనో చూపిస్తేనే ఆ సలహాకి అర్థం.

మరుగుదొడ్ల గురించి క్లుప్తంగా. లంక నేలలో అయిదారడుగులకే నీరు తగులుతుంది, నేలంతా ఇసుక. గట్టుమీద కట్టినట్టే గుంట తీస్తే మలం నేరుగా నూతిలోకి ఊరుతుంది. గుంటని లోతుకి కాకుండా ఎత్తుకి కట్టాలి. వరలు నేలపైకి లేపి, అడుగు మూసి, చుట్టూ అర మీటరు సన్నిసుక నింపి, నూతికి కనీసం పది మీటర్ల దూరంలో ఉంచాలి. అవి లేనన్నాళ్లూ ఆడవాళ్లు చీకటిపడేదాకా ఓర్చుకునేవారు, అందుకని పగలు నీళ్లే తాగేవారు కాదు. ఉచ్చలో మంట, జ్వరం ఆ ఊళ్లలో అంత మామూలు కావడానికి మూలం ఇక్కడుంది.

తర్వాత కువైట్ కాలం. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు నుంచి ఎందరో ఆడవాళ్లు ఇంటిపనికి గల్ఫ్ వెళ్లారు. తాటాకిళ్లు డాబాలయ్యాయి, పిల్లలు చదువుకున్నారు. ఆ తల్లుల కష్టం తక్కువ చెయ్యడానికి నోరు రాదు. అయితే పిల్లలు అమ్మమ్మ దగ్గర కొన్నాళ్లు, నాయనమ్మ దగ్గర కొన్నాళ్లు ఉండేవారు, ఒకరిది ఏటికి ఈ ఒడ్డు, ఇంకొకరిది ఆ ఒడ్డు. ఈ ఊరి రిజిస్టరులో ‘వలస’ అని కొట్టేస్తారు, ఆ ఊరి రిజిస్టరులో ఎక్కనే ఎక్కరు. టీకా కార్డు తల్లి ట్రంకుపెట్టెలో తాళం కింద ఉండేది. కార్డు దొరకలేదని టీకా ఆపాల్సిన పనిలేదు, గుర్తున్నదాన్నిబట్టి కొత్త కార్డు రాసి మిగిలినవి వెయ్యొచ్చు. పిల్లలు ఎక్కడున్నారని ఏఎన్ఎమ్‌లు ఇద్దరూ ఒకరినొకరు అడిగి రాసుకున్న చోట ఆ పిల్లలు తప్పిపోలేదు.

చించినాడ వంతెన, యానాం–ఎదుర్లంక వంతెన వచ్చాక గట్టుమీది కోనసీమ రూపమే మారిపోయింది. 2005లో 108 వచ్చింది. ఇంకా వంతెన లేని లంకల్లో అంబులెన్సు అవతలొడ్డునే ఆగుతుంది. చాకలిపాలెం–కనకాయలంక కాజ్‌వే లాంటివి ప్రతి వరదకీ మునుగుతాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు గట్లు తెగి లంకలూ మెరకా ఒకటయ్యాయి. 2022 జూలైలో పాతిక లక్షలు దాటింది. ప్రాణనష్టం అప్పటికంటే తగ్గడానికి పెద్ద కారణం ముందు కబురు.

ఆ కబురుని వాడుకునే పద్ధతి ఇది. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి, అంటే పది లక్షల క్యూసెక్కులకి మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలం హెచ్చరిక వినగానే లంకలో జాబితా తియ్యాలి. నెలరోజుల్లో కాన్పు కావాల్సినవాళ్లు, పదిహేను రోజులలోపు బాలింతలు, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు, ఇన్సులిన్, క్షయ, మూర్ఛ మందులు వాడేవాళ్లు. ధవళేశ్వరం మొదటి హెచ్చరికకి ముందే, పడవలు తిరుగుతుండగానే వాళ్లని దాటించాలి. రెండో హెచ్చరికదాకా ఆగితే నాటుపడవలు ఆపేస్తారు. దాటనని మొండికేసే ఆడవాళ్లు ఏరుకి భయపడి కాదు. పాకలో గేదె ఉంది, ముసలి మామకి వండిపెట్టేవాళ్లు లేరు, పునరావాస కేంద్రంలో స్నానానికి చాటు లేదు, అక్కడ తెలిసిన ఆడమనిషి ఉండదు. అందుకే జాబితాలో గర్భిణి పేరు పక్కన ఇంకో మూడు పేర్లు రాసుకోవాలి: ఆమెతో వెళ్లే తోడు, ఇంటి దగ్గర మామకి అన్నం పెట్టేవాళ్లు, గేదెని ముందే గట్టెక్కించి మేతవేసే మనిషి. ఆ మూడు గళ్లూ నిండిన ఇంటినుంచి కోడలు మొదటి పడవకే బయల్దేరుతుంది.